వీధి చెట్టు మీద కొంగల గూళ్ళు: కొమ్మలు కొట్టించాలా, వద్దా?

పెంకుటిల్లు (18 జులై 2025, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. రోజూ చదివి వెళ్ళిపోయేదాన్నే, రాయడం ఇదే మొదలు. టెన్షన్ తట్టుకోలేక రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో చిన్న టౌను. మా ప్రహరీలో పెద్ద నిద్రగన్నేరు ఉంది. మామయ్యగారికి ఉద్యోగం వచ్చిన ఏడు నాటారట, 50 ఏళ్ళు దాటింది. మొదలు మా ఇంట్లో, నీడ వీధిలో. మూడేళ్ళ కిందట నాలుగైదు కొంగలొచ్చి గూళ్ళు పెడితే ముచ్చటపడి ఫొటోలు తీసుకున్నాం. నిరుడు ఇరవై దాకా అయ్యాయి. నిన్న మేడెక్కి లెక్కపెట్టాను. ఆకుల చాటునున్నవి పోను 64 గూళ్ళు.

వాసన ఎలా ఉంటుందో రాయలేను. వాన పడితే ఒక రకం, ఎండ కాస్తే ఇంకో రకం. కింద సిమెంటు రోడ్డంతా సున్నం కొట్టినట్టు ఉంది. రాత్రి రెండింటికి కూడా అరుపులే. ఎదురింటివాళ్ళు కారు రెండు వీధుల అవతల పెట్టుకుంటున్నారు. మామయ్యగారికి ఆయాసం, అటువైపు కిటికీ తీయడం మానేశాం.

అందరికంటే ఇబ్బంది ఇస్త్రీబండి అతనికి. పన్నెండేళ్ళుగా ఆ నీడనే నమ్ముకున్నాడు. మొన్న ఎవరిదో పట్టుచీర మీద రెట్ట పడింది. డ్రైక్లీనింగుకి 350 తన చేతి నుంచే పెట్టుకున్నాడు. ఒక పూటంతా నిలబడితే వచ్చే డబ్బు అది.

వీధిలో 22 ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టి కాగితం తెచ్చారు. కొమ్మలు కొట్టే మనిషిని కూడా మాట్లాడేశారు. 9,000 అడిగాడట, తలా ఇంత వేసుకుంటామన్నారు. ఆదివారం వస్తారు. చెట్టు మాది కాబట్టి మేం ఊ అనాలి. మామయ్యగారిని అడిగితే "నీ ఇష్టం తల్లీ" అంటున్నారు. ఆ మాటే ఎక్కువ కష్టంగా ఉంది.

కొట్టిస్తే పాపం, కొట్టించకపోతే తగువు. ఏం చెయ్యమంటారు?

చలపతి_బెజవాడ (18 జులై, 10.05)

కొట్టించెయ్యండి. నరికేది చెట్టుని కాదు, కొమ్మల్నే. వచ్చే ఏడు మళ్ళీ చిగురిస్తుంది. కొంగలకు ఊళ్ళో ఇదొక్కటే చెట్టా? పెద్దాయన ఆయాసం కంటే కొంగ ముఖ్యమా?

పిట్టకన్ను (18 జులై, 10.31)

పెంకుటిల్లు గారూ, ముందు ఆదివారం మనిషిని ఆపండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

రేపు పొద్దున మేడెక్కినప్పుడు ఇవి చూసి చెప్పండి. కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే తెల్లరెక్కలు కనిపించేది గుడ్డికొంగ. తల, మెడ పసుపు నారింజ రంగులోకి తిరిగి ఉంటే గేదెల వెంట తిరిగే తెల్లకొంగ, గూడు కట్టే రోజుల్లోనే దానికి ఆ రంగు వస్తుంది. నల్లగా సన్నగా ముక్కు చివర వంపు ఉంటే నీటికాకి. రాత్రి రెండింటికి అరిచేది మాత్రం చూడకుండానే చెప్పగలను, చింతవక్కు. పగలు నిద్రపోయి చీకటి పడ్డాక వేటకు పోతుంది.

గూళ్ళలో గుడ్లున్నాయా, పిల్లలున్నాయా? ఇవి ఒక్కో గూట్లో మూడు నాలుగు గుడ్లు పెడతాయి. పొదగడానికి మూడు వారాల పైన, పిల్ల ఎగరడానికి ఇంకో నెలా నెలన్నర. మొత్తం రెండు నెలలు వేసుకోండి. ఇప్పుడు కొమ్మ కొడితే ఎన్ని పిల్లలు రోడ్డు మీద పడతాయో మీరే లెక్కేసుకోండి.

2022 సెప్టెంబరులో కేరళ మలప్పురం జిల్లాలో హైవే వెడల్పు కోసం గూళ్ళున్న చెట్టునొకదాన్ని పడగొట్టారు. చెట్టు నేల తాకిన క్షణాన తల్లులు పైకి లేచి, పిల్లలు కింద పరుచుకున్న వీడియో చాలామంది చూసే ఉంటారు. నేను రెండోసారి చూడలేకపోయాను.

ప్లీడరు_గుమాస్తా (19 జులై, ఉదయం 7.12)

పాపం పుణ్యం సంగతి పక్కన పెట్టి చట్టం చెప్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే మాటకు అర్థం తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. అడవిపక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్ళను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. ఊళ్ళో ఉన్నంత మాత్రాన కొంగ ఊరపక్షి అయిపోదు. అది చాలక చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 ప్రకారం అనుమతి కావాలి. చెట్టు మీ ప్రహరీలో ఉన్నా సరే.

22 మంది సంతకాలు పెట్టారు కానీ కేసైతే నోటీసు మీ పేరు మీదే వస్తుంది. ఆ కాగితం జిరాక్సు తీసి దగ్గర పెట్టుకోండి.

చలపతి_బెజవాడ (19 జులై, 7.40)

చట్టం బాగానే ఉంది. ఇక్కడ నీతులు చెప్పేవాళ్ళలో ఆదివారం చికెన్ తినని వాళ్ళు చెయ్యెత్తండి. బ్రాయిలర్ కోడి బతికేది 40 రోజులు. అదీ దాని కాలు చాపుకునేంత జాగాలో. దానికి లేని గౌరవం కొంగకు ఎందుకు? తెల్లగా ఉందనా?

చిన్నోడు_టెక్కలి (19 జులై, 9.03)

మా దగ్గర కొంగలు రాకపోతే బెంగ పెట్టుకుంటారు, మీ దగ్గర వస్తే బెంగ!

మాకు దగ్గర్లోనే తేలినీలాపురం. సెప్టెంబరు దాటితే గూడబాతులు (పెలికాన్లు), రంగురంగుల ముక్కు కొంగలు దిగుతాయి. ఊరి చెట్ల మీదే, ఇళ్ళ మధ్యే. పెద్దవాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు అంటారు. పురిటికొచ్చిన పిల్లను ఎవరైనా పొమ్మంటారా? ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచికి జూన్‌లోనే వేరే కొంగలు వస్తాయి, నత్తలు తినేవి. అవి దిగితే వానలు దిగినట్టే అని అక్కడి రైతుల లెక్క. సైబీరియా నుంచి ఇంత దూరం మన మీద నమ్మకంతో వస్తున్నాయి అంటే మామూలు విషయమా?

పిట్టకన్ను (19 జులై, 9.20)

తమ్ముడూ, నీ మాటంతా బంగారం, సైబీరియా ఒక్కటి తీసెయ్. ప్రతి ఊరి బోర్డు మీదా సైబీరియా అనే రాసి ఉంటుంది. తేలుకుంచి కొంగ మన దేశానిదే, చుట్టుపక్కల దేశాల్లోనూ ఉంటుంది. వానల్ని బట్టి, నీళ్ళని బట్టి చోటు మారుతుంది. గూడబాతు కూడా అంతే. హిమాలయాలు దాటి వచ్చేవి వేరే ఉన్నాయి, తల మీద రెండు నల్ల చారలుండే బాతుల్లాంటివి.

నాకు ఒళ్ళు మండేది ఎందుకంటే, పక్షి ఫారినుది అంటేనే మనం మర్యాద చేస్తాం. పక్క చెరువు నుంచి వచ్చిన గుడ్డికొంగ కూడా అంతే కష్టపడి పుల్లలు మోస్తుంది కదా.

ఆ నత్తల కొంగను దగ్గరగా చూడండి ఎప్పుడైనా. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అడకత్తెర సరిగ్గా మూసుకోనట్టు. నత్తని పట్టడానికి అదే పనికొస్తుంది. పొలంలో వరిపిలకలు కొరికే పెద్ద నత్తలు దాని తిండి. రైతులు ఊరికే గౌరవించరు.

డల్లాస్_రవి (19 జులై, 11.48)

చాలా బాధగా ఉంది ఇది చదివితే. మనకంటే ముందు ఈ భూమి వాటిది. మా సబ్‌డివిజన్‌లో బాతులు రోడ్డు దాటుతుంటే అందరం కార్లు ఆపుతాం. కొంచెం వాసన, కొంచెం మరక అడ్జస్ట్ అవలేమా? మన సంస్కృతిలోనే భూతదయ ఉంది. శిబి చక్రవర్తి తొడ కోసి ఇచ్చిన నేల మనది.

పెంకుటిల్లు (19 జులై, మధ్యాహ్నం 2.15)

రవి గారూ, శిబి చక్రవర్తి తన తొడ కోసుకున్నాడండీ, ఇస్త్రీబండి అతని తొడ కోయలేదు.

కోపంగా రాసినట్టుంటే ఏమీ అనుకోకండి. పొద్దుటి నుంచి చీపురు, బకెట్టు పట్టుకుని రోడ్డు కడిగి వచ్చి రాస్తున్నా. ఆదివారం మనిషిని వద్దన్నాను. ఎదురింటి ఆంటీ మాట్లాడటం మానేశారు.

పిట్టకన్ను గారు చెప్పినవి చూశాను. నాలుగు రకాలూ ఉన్నాయి. మేడ మీదికి దగ్గరగా ఉన్న గూట్లో నీలం ఆకుపచ్చ కలిసిన లేతరంగు గుడ్లు మూడు. గూడంటే ఏదో అనుకున్నా, పది పుల్లలు అడ్డదిడ్డంగా వేసి ఉన్నాయంతే, కింది నుంచి గుడ్డు కనిపిస్తోంది. పక్క గూట్లో పిల్లలున్నాయి. జుట్టు నిక్కబొడుచుకుని, కళ్ళు గుండ్రంగా, తాతగారు నిద్రలేచినట్టున్నాయి. నేను తొంగిచూడగానే భయంతో ఒకటి తిన్నదంతా కక్కేసింది. రెండు జెల్లపిల్లలు, ఒక కప్ప కాలు. వాసన ఎక్కడిదో అప్పుడర్థమైంది.

కొల్లేటి_బాబాయి (19 జులై, రాత్రి 8.50)

అమ్మాయ్, నీ శిబి మాట బాగుంది.

నాకు కైకలూరు అవతల ఆరెకరాల చేపల చెరువుంది. కొంగల సంగతి నన్నడుగు. ఒక గూడబాతు రోజుకి కిలో చేప తింటుంది అంటారు. పొద్దున్నే యాభై దిగాయనుకో, లెక్క నువ్వే వెయ్. అందుకే మేం చెరువు మీద నైలాన్ తాడు కడతాం, డబ్బాలు కొడతాం, టపాకాయలు పేలుస్తాం. అభిమానం లేక కాదు, అప్పు తీర్చాలి గనుక.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ళ కిందట తెల్లవారుజామున గట్టు మీదికెళ్తే పాముమెడ పక్షి ఒకటి తాడుకి రెక్క చుట్టుకుని వేలాడుతోంది. బతికే ఉంది. విడిపిద్దామని తాడు పట్టుకుంటే కళ్ళలోకి పొడవబోయింది, దానికి నేనే తాడు కట్టినవాణ్ణని తెలిసినట్టు. తువ్వాలు కప్పి కత్తితో కోశాను. రెక్క ఎముక బయటికొచ్చింది. గట్టు మీద పెడితే మధ్యాహ్నం దాకా ఉండి పోయింది. ఆ ఏడాది నుంచి నైలాన్ మానేసి కుర్రాణ్ణి పెట్టా, నెలకి జీతం ఇచ్చి. నష్టం తగ్గలేదు, నిద్ర పడుతోంది.

1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, కొల్లేరు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ సరస్సు, అంటే ప్రపంచం గుర్తించిన చిత్తడినేల అన్నారు, 2006లో చెరువులు బద్దలుకొట్టారు. నేను తిట్టుకోని రోజు లేదు. కానీ ఒంటరిగా గట్టు మీద కూర్చుంటే అనిపిస్తుంది, నా చెరువు తవ్వకముందు అక్కడున్నది కొల్లేరే కదా. చేప నాది అని అంటున్నాను గానీ నీళ్ళు ఎవరివి? మీరంతా గౌరవం గౌరవం అంటున్నారు. నాకు ఆ మాట అంతుపట్టదు. బాకీ అంటే తెలుస్తుంది.

మా కొల్లేటి ఆటపాకలో చూడు, కూర్చోడానికి చెట్లు లేక ఇనప స్టాండ్లు కట్టారు గూడబాతులకి. వాటి మీదే గూళ్ళు. మీ ఉప్పలపాడులోనూ అంతే కదా.

పెంకుటిల్లు (19 జులై, 9.30)

అవును బాబాయిగారూ, ఉప్పలపాడు మాకు గంట ప్రయాణం. పిల్లల్ని తీసుకెళ్ళి టికెట్టు కొని చూసొచ్చాం కూడా. అక్కడ టికెట్టు కొని చూసిన కొంగని ఇక్కడ ఊరికే వస్తే తరమాలనుకున్నానన్న మాట.

చిలమత్తూరు_రెడ్డప్ప (20 జులై, 6.25)

మా తట్టు వీరాపురం. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు పెడ్తాయి. తేలినీలాపురమాయన చెప్పిన మాటే మా ఊళ్ళల్లోనూ అంటారు, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలని. చింతచెట్టు మీద కొంగ కూర్చుంటే ఆ యేటికి చింతపండు సగం పోయినట్టే. అయినా కర్ర విసరరు. ఇప్పుడొచ్చిన బాధ వేరే. చెరువుకు నీళ్ళు రాకపోతే కొంగ నిలబడదు. మనిషి కొట్టకపోయినా కరువు కొడుతుంది.

కొంగలన్నీ మనిషి ఇంటి పక్కకే ఎందుకొస్తాయంటే మా నాయన చెప్పేవాడు, మనిషుండే చోటికి పాము, కోతి, అడవిపిల్లి జంకుతాయంట. నిన్ను కావలి పెట్టుకున్నాయమ్మా అవి.

తెలుగుమాస్టారు (20 జులై, 10.10)

బ్రాయిలర్ కోడి గురించి చలపతి అడిగింది పక్కకు నెట్టేశారు అందరూ. అది ఈ చర్చలో అన్నిటికంటే గట్టి ప్రశ్న. నేను మాంసం తింటాను, కాబట్టి చెయ్యెత్తను.

మన ఇళ్ళల్లో వాకిట్లో చీమల కోసం బియ్యప్పిండితో ముగ్గు వేస్తాం. అదే ఇంట్లో వంటింటి గట్టు చుట్టూ లక్ష్మణరేఖ సుద్దముక్కతో గీస్తాం. గుమ్మానికి పిచ్చుకల కోసం వరికుచ్చు కడతాం, గింజల డబ్బా దగ్గర ఎలుకలబోను పెడతాం. దీన్ని కపటం అనొచ్చు. నాకు మాత్రం గుమ్మం బయట ఒక ధర్మం, గుమ్మం లోపల ఒక ధర్మం ఉన్నట్టు అనిపిస్తుంది. చిక్కేమిటంటే గుమ్మం ప్రతి ఏడూ ముందుకు జరుగుతోంది. మొదట ఇల్లు, తర్వాత వీధి, తర్వాత ఊరి చెరువు, ఇప్పుడు కొల్లేరు. అన్నీ లోపలే అయిపోతే చీమకు పిండి ఎక్కడ వేస్తాం?

నత్తలు తింటుంది గనుక కొంగను కాపాడాలి అన్నారు పిట్టకన్ను. సరే, మరి నత్త సంగతేమిటి? మిడతలు తినని కొంగకు బతికే హక్కు లేదా? రైతుకు లాభం అన్న మాట మీద నిలబెడితే లాభం పోయిన రోజు కొడవలి తీస్తాం. నాకు కొంగ రెట్ట వాసన పరమ అసహ్యం. అసహ్యం ఉంటూనే దాని గూటికి దాని హక్కుందని ఒప్పుకోవాల్సి రావడమే నాకు తెలిసిన గౌరవం.

జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో 1730లో రాజభటులు చెట్లు కొట్టడానికి వస్తే అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును కావలించుకుని నిలబడింది. ఆమెతో మొదలై చెట్టునూ జంతువునూ కాపాడటమే ధర్మంగా పెట్టుకున్న బిష్ణోయిలు 363 మంది గొడ్డళ్ళకు బలయ్యారు. వాళ్ళు కావలించుకున్న ఖేజ్రీ ఏదో కాదు, మన దసరా జమ్మిచెట్టు. తెలంగాణకు అదే రాష్ట్ర వృక్షం. మనం దాని ఆకు తెంపి చేతుల్లో పెట్టి బంగారం అంటాం. అదే చెట్టు, రెండు చోట్ల రెండు రకాల భక్తి.

చలపతి_బెజవాడ (20 జులై, 10.44)

మాస్టారూ, మీరొక్కరే సూటిగా మాట్లాడారు. కానీ 363 మంది కథ చెప్పి ఒకావిడ మీద బరువు పెట్టకండి. ఆవిడకు ఇంట్లో రోగి ఉన్నారు.

తెలుగుమాస్టారు (20 జులై, 10.52)

ఒప్పుకున్నాను.

నర్సమ్మ (20 జులై, సాయంత్రం 5.05)

నేను ఆసుపత్రి డ్యూటీలో ఉంటాను కాబట్టి చెప్తున్నా. పక్షి రెట్ట ఎండాక పొడిగా ఊడవొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడమే ప్రమాదం, ఆయాసం ఉన్నవాళ్ళకి మరీను. ముందు నీళ్ళు చల్లి నానబెట్టి, మాస్కు వేసుకుని, తడిగా ఉండగానే ఎత్తెయ్యాలి. మీ మామగారి మంచం ఆ కిటికీ వైపు నుంచి మార్చండి, డాక్టరుకు ఈ సంగతి చెప్పండి.

చచ్చిన పిల్లల్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. ఒక్కసారిగా చాలా పక్షులు చనిపోతే పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి. ఒకటీ అరా రాలడం మామూలే.

హైదరాబాదీ_సతీష్ (12 ఆగస్టు, 8.15)

ఈ చర్చ ఇంకా నడుస్తున్నదా? నిన్న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని పట్టి షెల్టర్లల్ల పెట్టాలని ఇచ్చిన ఆర్డర్ చూసిండ్రా? కొంగలకు ఇంత జాలి చూపినోళ్ళు కుక్కల గురించి ఏమంటరు? మా కాలనీల పోయిన నెల చిన్నపిల్లను కరిచింది. ఏప్రిల్‌ల కంచ గచ్చిబౌలి చెట్ల కోసం నేను కూడా పోస్టులు పెట్టిన. 400 ఎకరాలల్ల నరుకుడు కోర్టు ఆపితే సంబరపడ్డ. కుక్కల కాడికొచ్చేసరికి నా జాలి ఎటు పోయిందో నాకే సమజ్ గాలె.

వేదిక_నిర్వాహకుడు (12 ఆగస్టు, 8.40)

కుక్కల చర్చ వేరే పోస్టు కింద నడుస్తోంది, ఇప్పటికే 214 వ్యాఖ్యలు, ముగ్గురికి హెచ్చరిక. దయచేసి ఇక్కడికి తేవొద్దు. సతీష్ గారి ఆఖరి వాక్యం మాత్రం ఉంచుతున్నాను.

పెంకుటిల్లు (14 ఆగస్టు, రాత్రి 10.20)

కబుర్లు చెప్పి చాలా రోజులైంది. ఈ నాలుగు వారాల్లో వేరే మనిషినైపోయాను.

నిన్న గాలివానకి పిల్లకొంగ ఒకటి రాలింది. కుక్క వచ్చేలోపు ఇస్త్రీబండి అతనే గోనెసంచి వేసి పట్టుకున్నాడు. ఎవరి వల్ల అతనికి నష్టమో దాన్నే! నేను మేడ మీది నుంచి కర్రకి బుట్ట కట్టి దగ్గరున్న గూట్లో పెట్టబోయా. అది వేరే గూడో ఏమో, అక్కడున్న పెద్ద పిల్ల దీన్ని పొడిచి పొడిచి మళ్ళీ తోసేసింది. రెండోసారి బతకలేదు.

అంతకుముందు వారం ఇంకో సంగతి చూశాను. ఒకే గూట్లో మూడు పిల్లలు. చివర పుట్టిన దాన్ని మిగతా రెండూ తల మీద పొడుస్తూనే ఉన్నాయి. తల్లి పక్కనే నిలబడి ఎటో చూస్తోంది. మూడో రోజుకి గూట్లో రెండే ఉన్నాయి. ఆ రోజు అన్నం సయించలేదు. ఇంత చేసి మేం కాపాడేది దీన్నా అనిపించింది.

పిట్టకన్ను (14 ఆగస్టు, 10.45)

కొంగల్లో ఇది మామూలే. గుడ్లన్నీ ఒకేరోజు పిల్లలు కావు. మొదటిదానికీ చివరిదానికీ కొన్ని రోజుల తేడా ఉంటుంది. తిండి బాగా దొరికిన ఏడు చిన్నది కూడా బతుకుతుంది, దొరకని ఏడు పెద్దవి దాన్ని వదలవు. తల్లి అడ్డుపడదు.

రాలిన పిల్లని ఈసారి దాని గూడు ఏదో తెలిస్తేనే పెట్టండి. తెలియకపోతే కుక్కలకి అందని కొమ్మ మీద వదలండి, లేదా అటవీశాఖవాళ్ళకి చెప్పండి.

తెలుగుమాస్టారు (15 ఆగస్టు, 6.00)

అమ్మా, కొంగ మంచిదని మనం దాన్ని ఉండనివ్వడం లేదు. దాని కుటుంబ వ్యవహారంలో మనకు తీర్పు చెప్పే అధికారమూ లేదు. అన్నం తినండి.

బెంగుళూరు_లక్ష్మి (15 ఆగస్టు, 11.30)

మైసూరు దారిలో మద్దూరు దగ్గర కొక్కరె బెళ్ళూరు అని ఉంది. మేం నిరుడు వెళ్ళాం. గూడబాతులు ఇళ్ళ మీదికి వంగిన చింతచెట్ల మీదే ఉంటాయి. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. నాకు నచ్చింది ఏంటంటే, చింతపండు పోయినందుకు చెట్టు యజమానికి అటవీశాఖ డబ్బు కడుతుంది. చాలదు, ఆలస్యమవుతుంది అని అక్కడివాళ్ళు గొణుక్కుంటారు, అయినా ఇవ్వాలన్న పద్ధతంటూ ఉంది. రెట్టపడిన మట్టి ఎత్తి పొలాలకి వేసుకుంటారు.

చెన్నై దగ్గర వేడంతాంగల్ రైతులైతే పక్షులున్న చెరువునీళ్ళే ఎరువని ఎప్పుడో కనిపెట్టారు. 1798లోనే కలెక్టరు దగ్గరికి పోయి పక్షుల్ని కాల్చకుండా పత్రం రాయించుకున్నారు.

పెంకుటిల్లు గారూ, మీ వీధివాళ్ళు కొమ్మలు కొట్టడానికి 9,000 వేసుకుంటామన్నారుగా. ఆ డబ్బే అటు తిప్పితే?

కొల్లేటి_బాబాయి (15 ఆగస్టు, 12.02)

ఇదీ లెక్కంటే.

పెంకుటిల్లు (31 ఆగస్టు, సాయంత్రం 6.30)

లక్ష్మిగారూ, మీ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. 22 ఇళ్ళల్లో 13 ఇచ్చాయి. ముగ్గురు ఇస్తాం అన్నారు, ఇవ్వలేదు. మిగతావాళ్ళు తలుపు తీసి ఆ మాట ఎత్తగానే సీరియల్ గుర్తొచ్చింది. ఎదురింటి ఆంటీ 500 ఇచ్చారు కానీ మాట్లాడలేదు. మొత్తం 5,200.

దాంతో గ్రీన్‌నెట్ మీద టార్పాలిన్ వేసి ఇస్త్రీబండికి పందిరి కట్టించాం, ఏటవాలుగా. వారానికి రెండుసార్లు రోడ్డు కడిగే మనిషికి రెండు నెలల జీతం పెట్టాం. చీర డబ్బు 350 అతనికి ఇవ్వబోతే మొదట తీసుకోలేదు. "కొంగలు చేసినదానికి మీరెందుకమ్మా" అన్నాడు. మామయ్యగారు మంచం మీంచే పిలిచి జేబులో పెట్టారు.

కడిగిన రొచ్చునీళ్ళు వీధి చివర నర్సరీ అతను డ్రమ్ములతో పట్టుకెళ్తున్నాడు. పల్చన చేసి కనకాంబరాలకి పోస్తున్నాడట.

ఇదంతా అయిపోయిందని కాదు. వాసన అలాగే ఉంది.

చలపతి_బెజవాడ (31 ఆగస్టు, 7.00)

నేను మాట మార్చుకోను గానీ, ఆ పందిరి ఫొటో పెట్టండి. మా వీధిలోనూ ఇస్త్రీబండి ఉంది, ఎండకి.

పెంకుటిల్లు (19 అక్టోబరు, ఉదయం 8.10)

చివరి గూడు ఖాళీ అయి పన్నెండు రోజులైంది. రాత్రి ఇప్పుడు నిశ్శబ్దం. అలవాటు తప్పి నాకే నిద్ర పట్టట్లేదు.

మొన్న అనుమతి తీసుకుని కరెంటు తీగల మీద వాలిన కొమ్మలు రెండు, కిటికీకి తగిలే కొమ్మ ఒకటి కొట్టించాం. ఖాళీ గూళ్ళు పదకొండు వాటితో వచ్చాయి. వీధివాళ్ళు ఇంకా కొట్టమన్నారు, నేను ఆపాను. వచ్చే ఏడు ఇదే గొడవ మళ్ళీ వస్తుందని తెలుసు. మామయ్యగారు మాత్రం ఒక గూడు తెప్పించుకుని పుల్లలు విడదీసి చూశారు. తుమ్మ, వేప, ఒక ఇనపతీగ, ఎవరిదో ప్లాస్టిక్ హ్యాంగర్ ముక్క. హ్యాంగర్ తనదేనని ఇస్త్రీబండి అతను గుర్తుపట్టాడు.

ఒక్కటి అడగాలి. తెల్లచొక్కా మీది రెట్టమరక ఎన్నిసార్లు ఉతికినా పసుపుగా ఉండిపోతోంది. ఎవరికైనా చిట్కా తెలుసా?

నర్సమ్మ (19 అక్టోబరు, 9.25)

తడిమీద రుద్దొద్దు, ఇంకా పాకుతుంది. ఆరనిచ్చి, మాస్కు వేసుకుని పాత బ్రష్షుతో రాల్చి, చల్లనీళ్ళలో సబ్బుపొడి వేసి గంట నానబెట్టండి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీపెట్టె తగలనివ్వొద్దు. వేడి తగిలితే ఇక జన్మలో పోదు. ఈ ముక్క అతనికి కూడా చెప్పండి.